పాత ఉన్ని కోటుతో గొర్రెల పోటీకి పిల్లల డ్రెస్ కుట్టడం ఎలా?

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జులై వచ్చిందంటే కౌంటీ ఫెయిర్ల (జిల్లా సంతల లాంటివి) సందడి మొదలవుతుంది. ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బుల వాళ్లు నెలల తరబడి పెంచిన గొర్రెలను పోటీ జరిగే రింగులోకి తీసుకొస్తారు. అందులో లీడ్ క్లాస్ అని ఒక పోటీ ఉంటుంది. పిల్లలు ఉన్ని బట్టలు వేసుకుని, గొర్రెను తాడు పట్టుకుని నడిపించాలి. గొర్రె ఎలా ఉంది, పిల్ల దాన్ని ఎలా నడిపిస్తోంది, డ్రెస్ ఎలా కుదిరింది అన్నవి జడ్జి కలిపి చూస్తారు. మా ఇద్దరు అమ్మాయిలకీ, వాళ్ల క్లబ్బులోని పిల్లలకీ ఈ డ్రెస్సులు చాలా ఏళ్లుగా కుడుతున్నాను. అన్నీ పాత కోట్లు, సూట్లు విప్పి కుట్టినవే.

ప్రతి ఏడూ రింగు పక్కన నిలబడి ఒకటే తప్పు చూస్తున్నాను. కుట్టు చక్కగా ఉంటుంది, రంగు బాగుంటుంది, తల్లి ఎన్ని రాత్రులు కూర్చుందో తెలుస్తూనే ఉంటుంది. కానీ ముందు భాగం కాల్చిన అప్పడంలా అలలు తేలి ఉంటుంది, కాలరు మెరుస్తూ ఉంటుంది, లైనింగ్ కిందికి వేలాడుతుంది. అది మిషన్ దగ్గర జరిగిన తప్పు కాదు. ఉన్నికి ఆవిరి పట్టించకుండా కత్తెర పెట్టడం వల్ల వచ్చింది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆవిరి గురించే ఉంటుంది.

ముందు రూల్స్, తర్వాత కోటు

మీ ఫెయిర్ బుక్ (పోటీల రూల్స్ పుస్తకం) చదవండి. ఉన్ని ఎంత శాతం ఉండాలి, ఏ వయసుకి ఏ విభాగం అన్నవి కౌంటీకో రకంగా ఉంటాయి. 1947 నుంచి నడుస్తున్న మేక్ ఇట్ విత్ ఊల్ జాతీయ పోటీలో బట్టలో కనీసం 60 శాతం ఉన్ని ఉండాలంటారు. నేను 80కి తక్కువైతే కొనను. పాలియెస్టర్ ఎక్కువైన కొద్దీ ఆవిరి మాట వినదు.

కోట్ల కోసం ఏప్రిల్‌లోనే థ్రిఫ్ట్ స్టోర్లకి, అంటే వాడిన వస్తువులు అమ్మే దుకాణాలకి వెళ్లండి. చలికాలం బట్టలు తీసేసే రోజులు కాబట్టి మంచి ఊల్ సూటు కూడా చవగ్గా దొరుకుతుంది. మగవాళ్ల ఎక్స్‌ట్రా లార్జ్ సైజు తీసుకుంటే ఎనిమిదేళ్ల పిల్లకి వెస్ట్ (చేతుల్లేని పై కోటు), స్కర్ట్ రెండూ వస్తాయి. ఓవర్‌కోటు వద్దు. జులై ఎండలో పిల్ల దాన్ని మోయలేదు. పలుచని సూటు బట్టే ఎంచుకోండి. గొర్రె రంగు కూడా గుర్తు పెట్టుకోండి. నల్ల ముఖం ఉండే సఫోక్ జాతి గొర్రె పక్కన ఎరుపు, ఆకుపచ్చ నిండుగా కనిపిస్తాయి, బూడిద రంగు వెలవెలబోతుంది.

అమెరికాలో ఉన్ని బట్ట మీద లేబుల్ ఉండాలన్న చట్టం 1940లోనే వచ్చింది, కాబట్టి చాలా కోట్ల లోపలి జేబు దగ్గర అది దొరుకుతుంది. లేబుల్ ఊడిపోయి ఉంటే లోపలి మడత నుంచి ఒక పోగు లాగి, సింకు మీద పట్టుకుని అంటించండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగితే ఉన్ని. కరిగి గట్టి పూసలా అయితే అక్కడే వదిలేయండి. తర్వాత కోటును కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి. చిమట కొట్టిన చిల్లులు సూదిమొనంత ఉన్నా వెలుతురుకి దొరికిపోతాయి. బాగున్న కోటును కూడా ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఒక వారం డీప్ ఫ్రీజర్‌లో ఉంచాకే కుట్టు గదిలోకి తెస్తాను.

విప్పడం

రిప్పర్‌తో కుట్లు విప్పండి. తొందరపడి కుట్టు పక్కన కత్తిరిస్తే ప్రతి ముక్కలో అంగుళం పోతుంది, పిల్లల బట్టలో ఆ అంగుళమే ప్రాణం. కోటు ముందు భాగాలకి లోపల బిగువు కోసం కాన్వాసు అనే గట్టి గుడ్డ ఉంటుంది. ఈ కాలం కోట్లలో దాన్ని జిగురుతో అంటిస్తారు. వేడి ఆవిరి తగిలించి మెల్లగా లాగితే వస్తుంది గానీ జిగురు మరకలు మిగులుతాయి. అందుకే కోటు వీపు, చేతులు, ప్యాంటు కాళ్లు పైకి వాడండి, ముందు భాగాలు లోపలి పట్టీలకి వాడండి.

ప్రతి ముక్క మీదా పడుగు ఎటు పోతోందో తెల్ల దారంతో పొడవాటి టాకా వేసి గుర్తు పెట్టండి. సుద్ద గీత వద్దు, ఆవిరికి పోతుంది.

ఆవిరి పట్టించడం

ఇక్కడ నిదానంగా చదవండి.

ఉన్ని కూడా మన జుట్టు లాంటిదే, రెండూ కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారైనవే. తడి జుట్టుతో జడ అల్లుకుని పడుకుంటే పొద్దున విప్పేసరికి జుట్టు వంకీలు తిరిగి ఉంటుంది కదా. తడిసినప్పుడు లోపలి బంధాలు వదులై, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారంలో మళ్లీ బిగుసుకుంటాయి. ఉన్నిలో జరిగేదీ అదే. ఎవరో పెద్దమనిషి పదేళ్లు తొడిగిన కోటు ఆయన భుజాల ఆకారం పట్టుకుని ఉంటుంది. ఆ ఆకారాన్ని మరచిపోయేలా చేశాకే మీ పిల్ల కొలత దాని మీద గీయాలి.

"ఇన్నిసార్లు డ్రైక్లీన్ అయిన కోటు, ఇంకేం కుంచించుకుంటుంది?" అని చాలామంది అడుగుతారు. డ్రైక్లీనింగ్‌లో బట్టను ఉతికేది నీళ్లతో కాదు, రసాయన ద్రవంతో. పైగా ముందు భాగం కాన్వాసుకి అంటుకుని ఇన్నేళ్లూ కదలకుండా ఉంది, వీపు భాగం వదులుగా ఉంది. రెండూ ఒకే కోటువైనా ఒకేలా కుంచించుకోవు. నేను 50 సెంటీమీటర్ల ముక్క మీద సెంటీమీటరున్నర పోవడం కొలిచి చూశాను. అదే కుట్టేశాక పోతే ఏమవుతుందో మా పెద్దమ్మాయి మొదటి ఫెయిర్‌కి తెలిసింది. ఆవిరి పట్టించకుండా కుట్టి, పోటీకి ముందు రాత్రి తడిగుడ్డ వేసి చివరి ఇస్త్రీ చేశాను. ఉన్ని పైకి పోయింది, లైనింగ్ ఉన్నచోటే ఉంది. పొద్దున చూస్తే స్కర్టు కింద లైనింగ్ వేలెడు కనిపిస్తోంది. కారులో కూర్చుని చేత్తో మడిచి కుట్టాను. పిల్ల కళ్లలో నీళ్లు. ఆ తప్పు మళ్లీ చేయలేదు.

పద్ధతి ఇది. ఒక పాత నూలు దుప్పటి తడిపి గట్టిగా పిండండి. నీళ్లు కారకూడదు, కానీ చెయ్యి పెడితే చల్లగా తగలాలి. నేల మీద పరిచి, సగం మీద ఉన్ని ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా, పోగు వంకరపోకుండా సర్దండి. మిగతా సగం కప్పండి. అట్టగొట్టం మీద చాపలా వదులుగా చుట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి ఉన్ని మొత్తం సమంగా చెమ్మ పట్టి ఉంటుంది. అప్పుడు తీసి, నీడలో తువ్వాళ్ల మీద పరచండి. దండెం మీద వేయకండి. తడి బరువుకి కిందికి సాగుతుంది, అలా సాగిన ముక్క కొలత నమ్మడానికి లేదు.

ఇక్కడ చాలామంది డ్రయ్యర్ దారి పడతారు. తడి తువ్వాలు, ఉన్ని కలిపి డ్రయ్యర్‌లో అరగంట తిప్పితే అయిపోతుందని వీడియోలలో చెబుతుంటారు. కొత్త తానుకి అది చెల్లుతుందేమో. విప్పిన ముక్కలకి చెల్లదు. అంచుల పోగులు ఊడిపోతాయి, ఏటవాలుగా కోసిన చోట్ల సాగుతుంది. ఉన్ని పోగు మీద సన్నని పొలుసులుంటాయి, వేడి, తడి, కుదుపు మూడూ కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట దళసరి ఫెల్ట్ అయిపోతుంది. దాన్ని వెనక్కి తిప్పడం ఎవరి వల్లా కాదు. ఒక రాత్రి ఆగలేనివాళ్లు ఉన్ని పని పెట్టుకోవద్దు.

ముక్కలు దాదాపు ఆరాక, ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే, ఇస్త్రీ. పెట్టె మీద రెండు చుక్కల గుర్తు దగ్గర పెట్టండి. బట్టను తిరగేసి, పైన నూలు గుడ్డ వేయండి. నేను మా నాన్న పాత పంచె ముక్కే వాడతాను. వందసార్లు ఉతికిన పంచె అంత మెత్తగా, అంత సమంగా ఆవిరిని వదిలే గుడ్డ ఏ దుకాణంలోనూ దొరకలేదు. గంజి మాత్రం పూర్తిగా పోయి ఉండాలి. గంజి మిగిలితే ఉన్నికి అంటుకుని తెల్లటి పొర కడుతుంది.

పెట్టెను జరపకండి. చొక్కా ఇస్త్రీ చేసినట్టు ముందుకీ వెనక్కీ తోస్తే తడి ఉన్ని సాగుతుంది. ఆనించాలి, ఎత్తాలి, పక్కన ఆనించాలి. ఒక్కోచోట పది లెక్కపెట్టేంత సేపు చాలు. పెట్టె తీశాక గుడ్డ తొలగించి, చదునైన నున్నటి చెక్క దిమ్మ దాని మీద పెట్టి, చల్లారేదాకా కదపకండి. నూటికి తొంభై మంది చెడగొట్టేది ఇక్కడే. వేడిగా ఉండగానే ముక్కను చేత్తో ఎత్తేస్తారు. బంధాలు ఇంకా బిగుసుకోలేదు, ఎత్తినప్పుడు ఎలా వేలాడిందో ఆ ఆకారమే పడుతుంది. ఇంకో ముప్పై లెక్కపెట్టండి, వేలు పెట్టి చూసి, చల్లగా ఉంటేనే జరపండి.

మెరుపు వచ్చిందంటే గుడ్డ లేకుండా నొక్కారని అర్థం. కప్పు నీళ్లలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి, ఆ నీళ్లలో పిండిన గుడ్డ వేసి ఆవిరి పట్టి, వెంటనే మెత్తని బ్రష్‌తో దువ్వండి. కొత్తగా వచ్చిన మెరుపు దీనికి లొంగుతుంది. మోచేతుల దగ్గర ఏళ్ల తరబడి అరిగి వచ్చిన మెరుపు లొంగదు, ఆ భాగం కోసేయడమే.

అంతా అయ్యాక ముక్కలను మళ్లీ కొలవండి. టేపు మీద వచ్చిన ఆ కొలతతోనే ప్యాటర్న్ వేయండి.

మా సిద్దిపేట వైపు నానమ్మ గొంగడి కప్పుకునేది. కురుమలు దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసి, పోగుకి చింతగింజల గంజి పట్టించేవారు. వానలో తడిసినా, ఎండలో ఆరినా దాని ఆకారం చెడేది కాదు. ఇక్కడ పిల్లల కోసం ఉన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ బరువు గుర్తొస్తుంది. అయితే గొంగడి ఉన్ని గరుకు, పిల్లల ఒంటి మీద గుచ్చుకుంటుంది. ఊరి నుంచి తెప్పించి డ్రెస్ కుట్టాలనుకునేవాళ్లు దాన్ని గొర్రె వీపు మీద కప్పడానికి ఉంచండి.

కోత, కుట్టు

ఇక్కడ కొత్తగా చెప్పేదేమీ లేదు. 90 నంబరు సూది, 3 మిల్లీమీటర్ల కుట్టు, పాలియెస్టర్ దారం. ముక్కలన్నీ నూగు ఒకే వైపు వాలేలా పరచి కోయండి, లేకపోతే ఎండలో ఒక భాగం ముదురుగా, ఒకటి లేతగా కనిపిస్తుంది. ఏప్రిల్‌లో తీసిన కొలత జులైకి సరిపోదు, పిల్ల ఎదిగిపోతుంది. పక్క కుట్లలో అంగుళం, కింద రెండు అంగుళాలు వదలండి. ప్రతి కుట్టునూ వేసిన వెంటనే పైన చెప్పినట్టే నొక్కి, తెరిచి, మళ్లీ నొక్కి చల్లారనివ్వండి. లైనింగ్‌కి రేయాన్ వాడండి. పాత పట్టుచీర వేద్దామని ఆశ పడకండి, మడతల దగ్గర చిరుగుతుంది.

ఒక్క జాగ్రత్త గొర్రె కోసం. పిల్ల గొర్రెకి ఎడమ పక్కన నడుస్తూ కుడి చేత్తో తాడు పట్టుకుంటుంది. గొర్రె ఒక్క గుంజు గుంజితే ఆ బలమంతా కుడి చంక కుట్టు మీద పడుతుంది. అందుకే చిన్నపిల్లలకి చేతుల్లేని వెస్టే కుడతాను. చేతులు కావాలని పట్టుబడితే, లైనింగ్ వేయకముందే పిల్లకి తొడిగి, చేతికి తాడిచ్చి రెండో కొసను మీరు గట్టిగా లాగి చూడండి. వీపు పట్టేస్తే అప్పుడే వదులు చేయొచ్చు. కుచ్చులు, వేలాడే రిబ్బన్లు పెట్టకండి, గొర్రె నమిలేస్తుంది.

ఫెయిర్ రోజు

గొర్రెను కడగడం, దువ్వడం అంతా అయ్యాకే డ్రెస్ తొడగండి. ఉన్ని మీది జిడ్డు డ్రెస్‌కి అంటితే అక్కడికక్కడ నీళ్లతో రుద్దకండి, పొడి గుడ్డతో అద్ది వదిలేయండి. నేల మీది రంపపు పొట్టు డ్రెస్‌కి అంటుకుంటే, ఎండాక బ్రష్‌తో దులిపితే రాలిపోతుంది. ఇంటికొచ్చాక గాలి తగిలేలా రెండు రోజులు ఆరేసి, మరకలు తీశాకే సంచిలో పెట్టండి. చెమట, జిడ్డు ఉన్న చోటే చిమటలు చేరతాయి.

వచ్చే ఏడు పొడవు పెంచడానికి కింద మడత విప్పినప్పుడు పాత గీత కనిపిస్తుంది. దాని మీద కూడా అదే వెనిగర్ గుడ్డ, అదే పంచె ముక్క, చల్లారేదాకా చెక్క దిమ్మ. ఒక్కసారికి పోకపోతే మర్నాడు ఇంకోసారి చేయండి.