అడవిలోకి వెళ్లేముందు: పిడుదుల విషయంలో జాగ్రత్తలు

పిడుదు అనగానే పశువుల గంగడోలు మీదనో కుక్క చెవిలోనో వేలాడే బూడిదరంగు గింజ గుర్తుకు వస్తుంది. అది కడుపు నిండా రక్తం తాగి ఉబ్బిన పిడుదు. అడవిలో తిరిగేవారు భయపడవలసింది ఇంకా ఏమీ తాగని పిడుదుకు, అందులోనూ గసగసాల గింజంత ఉండే పిల్ల పిడుదుకు. అది ఒంటిమీద పాకినా తెలియదు. కరిచినప్పుడు కూడా, దాని లాలాజలం నొప్పిని తెలియనివ్వదు కాబట్టి, చాలామందికి చీమ కుట్టినంత బాధ అయినా ఉండదు.

పిడుదు ఎగరదు, దూకదు. సాలీళ్లకు దగ్గరి చుట్టమైన ఈ జీవి గడ్డిపరక కొసనో పొద అంచునో వెనుక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు రెండూ గాలిలోకి చాచి, రాసుకుంటూ పోయే ప్రాణి కోసం కాచుకుని ఉంటుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడునూ ఒంటి వేడినీ పసిగట్టే అవయవం ఆ ముందు కాళ్ల మీదే ఉంటుంది. ప్యాంటు అంచుకు పట్టిన ఒక పిడుదును నేను భూతద్దంలో చూసినప్పుడు, నా ఊపిరి తగిలినప్పుడల్లా ఆ రెండు కాళ్లూ పైకి లేచి తడుములాడాయి. ఈ తీరు తెలిస్తే జాగ్రత్త కూడా సులువుగానే తోస్తుంది: బాటకు మధ్యలో నడవాలి, మోకాలెత్తు గడ్డిలోకి దిగకూడదు, రాలుటాకుల మీదా పడిపోయిన మానుల మీదా చతికిలబడకూడదు.

పాకే పిడుదు కంటపడేలా లేత రంగు, పొడుగు చేతుల బట్టలు వేసుకుని, ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకోవాలి. చూడటానికి బాగుండదు, నిజమే. కానీ పిడుదు సాధారణంగా కింది నుంచి పైకే పాకుతుంది కాబట్టి, చర్మాన్ని చేరేందుకు దానికి దారి దొరకదు. బయట కనిపించే చర్మానికి డీట్ గాని పికారిడిన్ గాని ఉన్న, పురుగులను దగ్గరకు రానివ్వని మందును డబ్బా మీద రాసిన ప్రకారం పూయాలి. పెర్మెత్రిన్ అనే పురుగుమందు 0.5 శాతం ఉన్న ద్రావణం బట్టలకూ బూట్లకూ మాత్రమే. దాన్ని ఒంటికి రాయకూడదు, పిల్లులకు అది విషం కనుక తడి ఆరేదాకా వాటిని దగ్గరకు రానివ్వకూడదు.

ఇంటికి చేరిన 2 గంటల్లోగా స్నానం చేసి, అద్దం ముందు నిలబడి ఒళ్లంతా వెతుక్కోవాలి: చంకలు, గజ్జలు, బొడ్డు, మోకాళ్ల వెనుక మడతలు, నడుము పట్టీ కింద, చెవుల వెనుక, జుట్టు కుదుళ్లు. పిల్లలకు పెద్దలే చూడాలి. చన్నీళ్లలో ఉతికినంత మాత్రాన పిడుదులు చావవు కాబట్టి, డ్రయ్యరు ఉంటే బట్టలను ఉతకకముందే ఎక్కువ వేడిలో 10 నిమిషాలు తిప్పడం మేలు. వెంట వచ్చిన కుక్కనూ తడిమి చూడాలి.

కరిచి పట్టుకున్న పిడుదు కనిపిస్తే కంగారు పడకూడదు, ఆలస్యమూ చేయకూడదు. పిడుదు కాటు వల్ల సోకే లైమ్ వ్యాధి క్రిమి ఒంట్లోకి దిగడానికి సాధారణంగా 24 గంటలకు పైగా పడుతుంది గాని, కొన్ని వైరస్‌లకు నిమిషాలే చాలు. సన్నని మొన ఉన్న ట్వీజరుతో, ఉబ్బిన పొట్టను కాక, చర్మానికి ఆనుకుని ఉన్న నోటి భాగాన్ని పట్టుకుని, మెలి తిప్పకుండా, ఒక్కసారిగా గుంజకుండా, నిదానంగా ఒకే బలంతో తిన్నగా పైకి లాగాలి. దాని నోటికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి, కొన్ని జాతులు జిగురు లాంటిది కూడా స్రవించి అతుక్కుంటాయి; అందుకే చర్మం కొద్దిగా పైకి లేచి, కొన్ని క్షణాల తర్వాతే అది పట్టు వదులుతుంది. నోటి ముక్క లోపల మిగిలి సులువుగా రాకపోతే సూదితో కెలకవద్దు. చర్మమే దాన్ని బయటకు నెట్టేస్తుంది.

అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పోయడం, వాజలిన్ పూయడం వంటి చిట్కాలు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. ఊపిరాడక అది ఊడిపోతుందన్నది అపోహ. పిడుదు ఊపిరి తీసుకునేదే చాలా అరుదుగా. పైగా అలా బాధపెడితే అది తన లాలాజలాన్ని గాయంలోకి మరింతగా వదలవచ్చు.

తీసిన పిడుదును గోళ్లతో నలపకుండా స్పిరిట్‌లో వేయాలి, లేదా టేపులో గట్టిగా చుట్టి పారేయాలి. కరిచిన చోటును, చేతులను సబ్బుతోనో స్పిరిట్‌తోనో శుభ్రం చేసుకుని, తేదీ, తిరిగిన ప్రాంతం, ఒంటిమీద కరిచిన చోటు రాసిపెట్టుకోవాలి. మొదటి ఒకటి రెండు రోజుల్లో వచ్చే చిన్న ఎరుపు సాధారణమైనదే. 3 నుంచి 30 రోజుల లోపల ఎర్రటి మచ్చ రోజురోజుకూ వెడల్పవుతున్నా, జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలైనా వైద్యుడి దగ్గరకు వెళ్లి, ఆయన అడగకపోయినా పిడుదు కరిచిన సంగతి ముందుగా చెప్పాలి. లైమ్ వ్యాధిలో కూడా మచ్చ అందరికీ రాదు కనుక, మచ్చ లేదని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.