ఎండాకాలంలో నంబర్ల బొమ్మకు రంగులేయడం ఎలా?

బొమ్మ గీయడం రాదా? ఏం ఫరవాలేదు. నంబర్ల బొమ్మ కిట్‌లో గీతలు తయారుచేసేవాళ్లే గీసి, ఏ గడిలో ఏ రంగో నంబరు కూడా వేసి ఇస్తారు. 1950ల మొదట్లో అమెరికాలోని డెట్రాయిట్‌లో డాన్ రాబిన్స్ రూపొందించిన ఈ కిట్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయంటే నాకు తోచే కారణం ఒకటే: ఏం వేయాలన్న టెన్షన్ లేదు, చేతికి మాత్రం పని దొరుకుతుంది.

మడతపెట్టి వచ్చిన క్యాన్వాస్‌ను తిరగేసి, పైన గుడ్డ పరిచి, తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి. కుడిచేతివాళ్లు ఎడమవైపు పై మూల నుంచి మొదలుపెడితే తడి రంగు చేతికి అంటదు.

అసలు పేచీ రంగులతోనే. మే నెలలో మా హనుమకొండలో మూత తీసి, ఫోన్ మాట్లాడి వచ్చేసరికి కిట్‌లోని యాక్రిలిక్ రంగు మీద పొర కట్టేస్తుంది. అందుకే ఒకసారికి ఒక్క డబ్బీయే తెరుస్తాను. కూలర్‌కు ఎదురుగా అసలే కూర్చోను. రంగు చిక్కబడితే అగ్గిపుల్ల కొసతో ఒక్క నీటి చుక్క, అంతే. ఎక్కువైతే పలచబడి కింది నంబరు కనిపిస్తుంది. పసుపు, లేత గులాబీ లాంటివాటికి ఎలాగూ రెండో పూత తప్పదు, అదీ మొదటిది బాగా ఆరాకే.

కుంచె వెంటనే కడగాలి. మొదటిసారి కొనేవాళ్లు 24 రంగులు దాటనివ్వకండి. ఆకాశం, చెరువు లాంటి పెద్ద గడులున్న బొమ్మ చాలు, ముఖాల జోలికి తర్వాత పోవచ్చు.