40 పాటల లిస్టు వద్దు, ఒక్క పాట పంపండి

నాలుగేళ్ల కిందట మా అక్కకి 40 పాటల ప్లేలిస్టు ఒకటి పంపాను. అన్నీ ఎవరికీ పెద్దగా తెలియని ఇండీ ఫోక్ పాటలే, అంటే పెద్ద కంపెనీల దన్ను లేకుండా గిటారు, గొంతుతో సాదాగా చేసే జానపద తరహా పాటలు. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని, ఏది ముందు ఏది వెనక అని తలబద్దలు కొట్టుకుని పేర్చాను. నెల తర్వాత "ఎలా ఉన్నాయక్కా?" అంటే "మొదటిది సగం విన్నాన్రా, ఇంతలో ఎవరో ఫోన్ చేశారు" అంది. అంతే. మిగతా ముప్పై తొమ్మిదిన్నర పాటలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

అప్పటి నుంచి వెతికే పద్ధతీ, చెప్పే పద్ధతీ రెండూ మార్చుకున్నాను.

ముందు వెతకడం గురించి. యాప్ చూపించే "మీకు నచ్చవచ్చు" వరస మీద ఆధారపడితే ఒకే రకం గిటారు, ఒకే రకం గొంతు చుట్టూ తిరుగుతూ ఉంటాం. నేను మనుషుల పేర్లు పట్టుకుని వెళతాను. మీకు బాగా ఇష్టమైన ఆల్బం ఒకటి తీసుకుని, దాని వెనక అట్ట మీద చిన్న అక్షరాలు చదవండి. అట్ట లేకపోతే డిస్కాగ్స్ అనే రికార్డుల వివరాల వెబ్‌సైటులో ఆ ఆల్బం పేజీ తెరవండి. నిర్మాత ఎవరు, వయొలిన్లు కూర్చింది ఎవరు, వెనక గొంతు కలిపింది ఎవరు, అన్నీ ఉంటాయి. ఏ పేరు నొక్కినా ఆ మనిషి పనిచేసిన మిగతా రికార్డులు వస్తాయి.

ఉదాహరణకి ఇంగ్లీషు ఫోక్ గాయకుడు నిక్ డ్రేక్. 1969లో వచ్చిన ఆయన మొదటి ఆల్బం 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్'కి నిర్మాత జో బాయ్డ్. తీగ వాద్యాల కూర్పు చాలావరకు రాబర్ట్ కర్బీది. ఈ రెండు పేర్లూ పట్టుకుని వెళితే వాష్టి బన్యన్ అనే గాయని 1970 నాటి ఆల్బం 'జస్ట్ అనదర్ డైమండ్ డే' తగులుతుంది. అప్పట్లో దాన్ని కొన్నవాళ్లే తక్కువ. ఆవిడ సంగీతం వదిలేసి వెళ్లిపోయింది. 2000లో ఆ ఆల్బం మళ్లీ విడుదలైతే కొత్త తరం వెతుక్కుంటూ వచ్చింది. రెండో ఆల్బం 2005లో చేసింది, అంటే మొదటిదానికి 35 ఏళ్ల తర్వాత! అందులో పాలుపంచుకున్నవాళ్లలో గాయకుడు డెవెండ్రా బాన్హార్ట్ ఒకడు. అతని పేరు నొక్కితే 2004లో అతనే ఏరి కూర్చిన 'గోల్డెన్ యాపిల్స్ ఆఫ్ ద సన్' అనే 20 పాటల సంకలనం వస్తుంది. అందులో డయాన్ క్లక్, జోసఫిన్ ఫాస్టర్ లాంటివాళ్లు ఉన్నారు. నాలుగు పేర్లు నొక్కితే ఒక నెలకి సరిపడా సంగీతం దొరికింది.

ఇప్పటివాళ్లని వెతకాలంటే బ్యాండ్‌క్యాంప్, గాయకులు తమ పాటల్ని నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు. అక్కడ 'ఇండీ ఫోక్' అనే ట్యాగ్ సముద్రం, దాంట్లో దిగకండి. 'ఫింగర్‌స్టైల్' (గిటారు తీగల్ని వేళ్లతో మీటడం), 'లో-ఫై' (మెరుగులు దిద్దకుండా సాదాగా రికార్డు చేయడం), 'హోమ్ రికార్డింగ్' లాంటి చిన్న ట్యాగులు చూడండి. ఇంకా మంచి దారి ఉంది: ఆల్బం కింద దాన్ని కొన్నవాళ్ల బొమ్మలు చిన్నచిన్నగా కనిపిస్తాయి. అందులో ఎవరో ఒకరి మీద నొక్కితే వాళ్లు ఇంకేం కొన్నారో తెలుస్తుంది. డబ్బు పెట్టి కొన్న మనిషి అభిరుచిని నేను ఎక్కువ నమ్ముతాను.

ఒక్క జాగ్రత్త. 'దీన్ని 200 మందే విన్నారు' అన్నది గొప్పదనానికి గుర్తు కాదు. 200 మందే వినడానికి తగిన కారణం ఉన్న పాటలు కూడా చాలానే విన్నాను నేను.

దొరికిన పాటని వెంటనే ఎవరికీ పంపను. మూడు వేర్వేరు రోజుల్లో వింటాను, ఒకసారైనా ఇయర్‌ఫోన్స్‌తో. ఇంట్లో రికార్డు చేసిన పాటల్లో వేళ్లు తీగ మీద జారిన కీచుమనే శబ్దం, పాడేముందు తీసుకున్న ఊపిరి కూడా వినబడతాయి. మూడోసారికి కూడా అవి చెవికి హాయిగా ఉంటే నోటుబుక్కులో రాసుకుంటాను. పాట పేరు, అందులో నన్ను పట్టుకున్న ఒక్క క్షణం, దాని పక్కన ఒక మనిషి పేరు. ఎవరి పేరూ తట్టకపోతే ఆ పాట నా దగ్గరే ఉంటుంది.

ఆ మనిషి ఇప్పుడు ఏ పరిస్థితిలో ఉన్నాడో కూడా చూసుకోవాలి. ఒక స్నేహితుడికి చాలా దిగులు పాట పంపాను, వాళ్ల నాన్న పోయి పది రోజులైందని తెలియక. అతను ఏమీ అనలేదు. నాకే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పంపేటప్పుడు ఒక్క పాట, ఒక్క వాక్యం. "అద్భుతం, తప్పక విను" అని రాయకండి, అది వినేవాళ్ల నెత్తిన బరువు. "అచ్చం ఫలానావాళ్లలా ఉంటుంది" అనీ వద్దు, పోలిక చూడటంతోనే సరిపోతుంది. పాటలో ఏం జరుగుతుందో చెప్పండి చాలు. "విన్నావా?" అని అడగడం పూర్తిగా మానేయండి. వాళ్లకి నచ్చితే మాత్రం ఆల్బం ఎక్కడ కొనాలో చెప్పండి. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి 1000 ప్లేలు కూడా రాని పాటకి రికార్డింగ్ రాయల్టీ లేదు. చిన్న గాయకులకి ఒక్క కొనుగోలు కూడా లెక్కే.

ఆ ప్లేలిస్టు గొడవ అయ్యాక అక్కకి పంపిన పాట సిబిల్ బయర్‌ది. ఈ జర్మన్ గాయని 1970-73 మధ్య ఇంట్లోనే టేపు మీద ఇంగ్లీషులో పాడుకుని పక్కన పెట్టేసింది. మూడు దశాబ్దాల తర్వాత కొడుకు వాటిని సీడీగా చేసి ఇంట్లోవాళ్లకి ఇచ్చాడు. ఒక కాపీ సంగీతకారుడు జె మాస్కిస్‌కి ఇస్తే, ఆయన ఒక చిన్న రికార్డు కంపెనీకి అందించాడు. 2006లో 'కలర్ గ్రీన్' అలా బయటికొచ్చింది. ఈ కథంతా అక్కకి చెప్పలేదు. 'టునైట్' అనే పాట పంపి ఇంతే రాశాను: "పని నుంచి ఇంటికొచ్చేసరికి వంటగదిలో అతను రొట్టెకి వెన్న రాసుకుంటూ కూర్చున్నాడట, ఒళ్లో పిల్లి."

ఐదు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. "ఈవిడవి ఇంకా ఏం ఉన్నాయిరా?"

"ఆల్బం ఒక్కటే అక్కా."

"అయితే మెల్లగా వింటాలే."