ప్రొపెల్లర్ ఏడీ గడువు మీదికొస్తే: ఫెర్రీ పర్మిట్‌కీ ఏమాక్‌కీ దరఖాస్తు ఎలా పెట్టాలి

అమెరికాలో ముగ్గురో నలుగురో కలిసి పైపరో సెస్నానో ఒక పాత చిన్న విమానం కొనుక్కుని శని, ఆదివారాలు ఎగురుతున్న మనవాళ్లు కొందరున్నారు. నేనూ ఆ బాపతే. మేం నలుగురం కలిసి టెక్సాస్‌లో ఒక పైపర్ యారో కొన్నాం. ఇంజిను గురించి తెగ భయపడ్డాం గానీ, మమ్మల్ని నిజంగా సతాయించింది ముందున్న రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్. "ప్రొపెల్లర్ మీద ఏడీ వచ్చిందట, అప్లికేషన్ ఎక్కడ పెట్టాలి?" అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు కాబట్టి, ఒకసారి కూర్చుని రాసేస్తున్నా.

ముందు ఒకటి తేల్చుకోవాలి. ఏడీలో చెప్పిన పని చేయించడానికి దరఖాస్తు ఏమీ అక్కర్లేదు, చేయించడమే. ఏడీ అంటే ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చే ఆదేశం. ఫలానా భాగాన్ని ఇన్ని గంటల్లోపు పరీక్షించండి, లేదా తీసేసి కొత్తది వేయండి అంటుంది. తయారీదారు పంపే సర్వీస్ బులెటిన్ లాంటిది కాదు, చట్టమే. గడువు దాటాక ఎగిరితే ఆ ఎగిరిన ప్రతిసారీ ఉల్లంఘన కిందికే వస్తుంది. బాధ్యత కూడా మెకానిక్‌ది కాదు, మొదటి బాధ్యత ఓనర్‌ది లేదా విమానం నడిపించేవాళ్లది. మెకానిక్ మర్చిపోయాడండీ అంటే వినరు. దరఖాస్తు పెట్టాల్సింది రెండే రెండు సందర్భాల్లో: గడువు అయిపోయిన విమానాన్ని షాపు దాకా ఎగిరించి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు, లేదా ఏడీ చెప్పిన పనిని ఇంకో పద్ధతిలోనో ఇంకొంచెం గడువుతోనో చేస్తామని అడగాల్సి వచ్చినప్పుడు. మొదటిది స్పెషల్ ఫ్లైట్ పర్మిట్, హ్యాంగర్ భాషలో ఫెర్రీ పర్మిట్. రెండోది ఏమాక్, అంటే ఆల్టర్నేటివ్ మెథడ్ ఆఫ్ కంప్లయన్స్.

ఆ రెండింటి దాకా వెళ్లేముందు అసలు ఆ ఏడీ మీ ప్రొపెల్లర్‌కి వర్తిస్తుందో లేదో చూడండి, సగం మంది టెన్షన్ ఇక్కడే తీరిపోతుంది. ఏడీలన్నీ ఎఫ్‌ఏఏ వాళ్ల డీఆర్‌ఎస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. విమానం పేరుతో మాత్రమే వెతికి ఆపేయకండి, ఇంజిన్‌కి వేరుగా, ప్రొపెల్లర్‌కి వేరుగా ఏడీలుంటాయి, హార్ట్‌జెల్ అనో మెకాలీ అనో ప్రొపెల్లర్ కంపెనీ పేరుతో వెతకాలి. నంబరు చదవడం తేలికే: 2009-22-03 అంటే 2009లో 22వ పక్షంలో వచ్చిన మూడోది. మా మెడకు చుట్టుకున్నది అదే. కొన్ని హార్ట్‌జెల్ రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ల హబ్‌లో, అంటే బ్లేడ్లు అమరే మధ్య భాగంలో, పగుళ్లు వస్తున్నాయని, ఎడ్డీ కరెంట్ పరీక్ష (కరెంటుతో పగుళ్లు పట్టే పరీక్ష) మళ్లీ మళ్లీ చేయించమంటుంది. హబ్ సీరియల్ నంబరు చివర ఇంగ్లిష్ అక్షరం ఏ (A) గానీ బీ (B) గానీ ఉంటే ఈ గోల లేదు.

మాకు అమ్మినాయన బీ ఉందన్నాడు. స్పిన్నర్, అంటే ప్రొపెల్లర్ మధ్యలో ఉండే మొనదేలిన మూత, విప్పి చూస్తే హబ్ మీద పాత పెయింటు, దాని కింద గుద్దిన అంకెలు. టార్చి పెట్టి, అద్దం పెట్టి చూశాం. ఒకరికి చివర్న బీ కనిపిస్తుంది, ఇంకొకరికి 8 కనిపిస్తుంది. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి నలుగురం పది నిమిషాలు వాదించుకున్నాం. చివరికి ప్రొపెల్లర్ లాగ్‌బుక్‌లో పాత ఓవర్‌హాల్ కాగితం తీస్తే 8 అని స్పష్టంగా ఉంది. అప్పట్నుంచి మూడేళ్లపాటు 100 గంటలకోసారి ఆ పరీక్ష చేయించి, ఓవర్‌హాల్‌కి పంపినప్పుడు హబ్బే మార్పించేశాం.

గంటల లెక్క దగ్గర కూడా చాలామంది పొరబడతారు. ఏడీలో టైమ్ ఇన్ సర్వీస్ అంటే చక్రాలు నేల వదిలినప్పట్నుంచి మళ్లీ నేల తాకేదాకా మాత్రమే. రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లే టైమూ, వరుసలో నిలబడ్డ టైమూ రావు. విమానంలో గంటలు లెక్కపెట్టే హాబ్స్ మీటర్ అవన్నీ కలిపేస్తుంది. ఇంకోటి, లాగ్‌బుక్‌లో "ఏడీలన్నీ పూర్తి" అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే చాలదు. ఏడీ నంబరు, రివిజన్ తేదీ, ఏ పద్ధతిలో చేశారు, మళ్లీ మళ్లీ చేయాల్సినదైతే తర్వాతది ఎన్ని గంటలకు, ఏ తేదీకి, ఇవన్నీ మీ రికార్డుల్లో ఉండాలి. పై రెండు దరఖాస్తుల్లో ఏది పెట్టినా మిమ్మల్ని అడిగేది ఈ కాగితాలే.

ఇంత పట్టింపు ఎందుకంటే, 74 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 2,700 సార్లు తిరుగుతుంటే బ్లేడు కొస గంటకు దాదాపు 950 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. 1995 ఆగస్టు 21న అట్లాంటా నుంచి గల్ఫ్‌పోర్ట్ వెళ్తున్న ఎంబ్రేయర్ 120 విమానానికి ఎడమ ప్రొపెల్లర్ బ్లేడు ఒకటి గాల్లోనే విరిగింది, విమానం జార్జియాలో క్యారల్టన్ దగ్గర పొలంలో కూలింది. బ్లేడు లోపలి రంధ్రంలో తుప్పు తిన్న చిన్న గుంటల దగ్గర పగులు మొదలైంది. ఆ బ్లేడు అంతకుముందు పరీక్షకు వెళ్లి, బాగుందని తిరిగొచ్చినదే.

సరే, ఫెర్రీ పర్మిట్. మీ దగ్గర్లోని ఎఫ్‌ఏఏ ఆఫీసు, అంటే ఎఫ్‌ఎస్‌డీఓ, అందరూ ఫిజ్‌డో అంటారు, అక్కడ అడగాలి. ముందు ఏడీని చివరిదాకా చదవండి. కొన్ని ఏడీలు ఫెర్రీ కుదరదని అందులోనే రాస్తాయి, పగులు కనిపించాక ఎగరకూడదన్నవీ ఉంటాయి. అలాంటిదైతే ప్రొపెల్లర్ విప్పి ట్రక్కులో పంపడం తప్ప దారి లేదు. అభ్యంతరం లేకపోతే ఫారం 8130-6 నింపాలి, ఇప్పుడు ఏడబ్ల్యూసీ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోనే పెట్టేయొచ్చు. ఎందుకు ఎగరాలి, ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఏ దారిన, ఎంతమంది సిబ్బంది కావాలి, విమానం ఏ విషయంలో నిబంధనకు తక్కువగా ఉంది, మీరే పెట్టుకుంటున్న ఆంక్షలేంటి, ఇవి రాయాలి. తక్కువగా ఉన్నదేంటో దాచకుండా రాయండి. "మెయింటెనెన్స్ కోసం" అని ముక్తసరిగా రాస్తే ఫోన్ చేసి మళ్లీ అడుగుతారు. ఏడీ నంబరు, గడువు ఎప్పుడు అయిపోయింది, చివరి పరీక్షలో ఏం తేలింది అని రాస్తే పని త్వరగా సాగుతుంది. ఆంక్షల గడిలో పగటిపూట, మబ్బుల్లేనప్పుడు, పైలట్ ఒక్కడే అని మీరే రాసుకోవడం మేలు, ఎలాగూ వాళ్లు అవే పెడతారు.

ఆ తర్వాత మెకానిక్ విమానాన్ని చూసి, ఈ ప్రయాణానికి క్షేమమే అని లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. మా పక్క హ్యాంగర్ ఆయనకు పర్మిట్ శుక్రవారం చేతికొచ్చింది గానీ, మెకానిక్ సంతకం సంగతి గుర్తులేక సోమవారం దాకా ఆగాల్సి వచ్చింది, పైగా పర్మిట్ గడువు కూడా దగ్గరపడింది. పర్మిట్‌లో ఉన్న షరతులు ప్రింటు తీసి విమానంలో పెట్టుకోండి, స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్దామనుకోకండి, ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే ఒక మెయిల్ పడేయండి. ఇవ్వకపోయే అధికారం కూడా ఫిజ్‌డోకి ఉంది.

ఇక ఏమాక్. ఏడీ చెప్పిన దానికి బదులు వేరే పద్ధతి, లేదా గడువు మార్పు. ఎవరైనా అడగొచ్చు, ఓనరే కానక్కర్లేదు. విమానానికి అంతకుముందే ఏదో మార్పు చేయడం వల్ల ఏడీ పని చెప్పినట్టు చేయలేకపోతున్నా ఏమాక్ అడగాల్సిందే, మా విమానం వేరండీ అని వదిలేస్తే కుదరదు. చిరునామా కోసం ఎక్కడా వెతకక్కర్లేదు, ఏడీ చివర్లో ఏమాక్ అనే పేరాలోనే ఏ ఆఫీసు మేనేజర్‌కి పంపాలో ఉంటుంది. ఎయిర్‌లైన్‌లా మీకు కేటాయించిన ఇన్‌స్పెక్టర్ ఉంటే ఆయన ద్వారా పంపాలి, మనలాంటి చిన్న ఓనర్లకు ఆయన ఉండడు కాబట్టి నేరుగా ఆ మేనేజర్‌కే.

దీనికి పెద్ద ఫారమేమీ లేదు, ఉత్తరమే. అందుకే జనం చెడగొట్టుకుంటారు. ఖర్చు ఎక్కువవుతోంది, షాపులో నెల రోజుల వరుస ఉంది అని మూడు పేరాలు రాస్తారు. వాళ్లకు కావలసింది అది కాదు. ఏడీ ఏ ప్రమాదం గురించి వచ్చిందో, మీరు చేస్తానంటున్న పని ఆ ప్రమాదాన్ని అంతే గట్టిగా ఎలా ఆపుతుందో రాయాలి. ప్రొపెల్లర్ మోడల్, సీరియల్, ఇంజిన్, ఇప్పటిదాకా తిరిగిన గంటలు, పాత పరీక్షల రిపోర్టులు, వీలైతే తయారీదారు ఇచ్చిన లేఖ జత చేయండి. గడువు పొడిగింపే అడుగుతుంటే ఆ మధ్యకాలంలో ఏం తనిఖీలు చేస్తారో చెప్పండి. ఒకటి గుర్తుంచుకోండి, దరఖాస్తు పెట్టినంత మాత్రాన గడువు ఆగదు, గడువు దాటిపోతే రాతపూర్వకంగా ఆమోదం వచ్చేదాకా విమానం నేల మీదే. ఆమోదం వచ్చాక కూడా వాడేముందు మీ ఇన్‌స్పెక్టర్‌కి, లేకపోతే ఫిజ్‌డో మేనేజర్‌కి తెలియజేయమని చాలా ఏడీల్లో ఉంటుంది. పాత ఏడీ పోయి దాని స్థానంలో కొత్తది వస్తే పాత ఏమాక్ చెల్లుతుందో లేదో కొత్త దాంట్లో చూసుకోవాలి.

పని ఎవరు చేయాలన్నది కూడా చూసుకోండి. మామూలు మెకానిక్ ప్రొపెల్లర్ విప్పి బిగించగలడు, చాలా తనిఖీలు చేయగలడు గానీ, ప్రొపెల్లర్‌కి పెద్ద రిపేరు చేసే అధికారం అతనికి లేదు, లైసెన్సున్న ప్రొపెల్లర్ షాపుకే వెళ్లాలి. భాగం వాడొచ్చని షాపు ఇచ్చే పసుపు ట్యాగు, మెకానిక్ లాగ్ ఎంట్రీ, పర్మిట్ కాపీ, ఏమాక్ ఉత్తరం అన్నీ ప్రొపెల్లర్ లాగ్‌బుక్‌లోనే పెట్టండి, ఇంజిన్ ఫైల్లో కాదు. అమ్మేటప్పుడు కొనేవాడు ముందు అడిగేది అదే, మా హబ్ మార్చిన కాగితం మా విమానం కొన్నాయన రెండుసార్లు ఫొటో తీసుకుని వెళ్లాడు.