జర్మనీలో అద్దిల్లు వెతుక్కుందాం – 4వ పాఠం: మాక్లర్ ఫీజు ఎవరు కట్టాలి?

పోయిన పాఠంలో కాల్ట్‌మీటె అంటే ఉత్త ఇంటి అద్దె, దానికి హీటింగూ నీళ్లూ చెత్తా లాంటి ఖర్చులు కలిపితే వార్మ్‌మీటె అని చెప్పుకున్నాం కదా, మర్చిపోతే ఒకసారి వెనక్కెళ్లి చూసి రండి, ఎందుకంటే ఇవాళ్టి లెక్కలన్నీ కాల్ట్‌మీటె మీదే.

మన హైదరాబాద్‌లో టులెట్ బోర్డు మీద నంబర్‌కి ఫోన్ చేస్తే చాలాసార్లు ఎత్తేది ఓనర్ కాదు, బ్రోకర్. ఇల్లు చూపించి తాళం ఇప్పించినందుకు పదిహేను రోజుల అద్దో నెల అద్దో అడుగుతాడు, మనం కాస్త బేరమాడి ఇచ్చేస్తాం. అదే అలవాటుతో విమానం ఎక్కి వచ్చేస్తాం, ఇక్కడ ఎవరైనా కోటేసుకుని ఇల్లు చూపించి ఫీజు అంటే అకౌంట్ నంబర్ చెప్పండి సార్ అంటాం. అలా అనకుండా ఉండటమే ఇవాళ్టి పాఠం.

ఇక్కడ ఏజెంట్‌ని మాక్లర్ అంటారు, కమిషన్‌ని ప్రొవిజియోన్ అంటారు. 2015 దాకా ఇక్కడా కథ మనలాగే ఉండేది, ఓనర్ పెట్టుకున్న మాక్లర్‌కి కూడా అద్దెకొచ్చేవాడే కట్టేవాడు, చాలా ఊళ్లలో రెండు నెలల కాల్ట్‌మీటె, దాని మీద 19 శాతం పన్ను, మొత్తం 2.38 నెలలు (ఎక్కడైనా పాత సలహాల్లో 2.38 అని కనిపిస్తే అది ఇదే, కంగారు పడొద్దు). 2015 జూన్ 1 నుంచి బెష్టెల్లర్‌ప్రిన్సిప్ అనే రూల్ వచ్చింది, పని ఎవరు చెప్పారో డబ్బు వాళ్లే కట్టాలి. మాక్లర్లు ఊరుకోలేదు, రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు, 2016లో అక్కడా రూల్ నిలబడింది. వియన్నా వెళ్లేవాళ్లకి ఒక మాట, ఆస్ట్రియాలో ఇదే పద్ధతి 2023 జూలై 1 నుంచి ఉంది.

ఇప్పుడు అసలు విషయం. "ఎంత?" అని అడక్కండి, "ఈ ఇంటి పని మీకు అప్పజెప్పిందెవరు?" అని అడగండి. మీరు ఆన్‌లైన్‌లో యాడ్ చూసి మాక్లర్‌కి మెసేజ్ పెట్టారనుకోండి, మీ మెసేజ్ రాకముందే ఆ ఇల్లు అతని చేతిలో ఉంది, అంటే ఓనర్ ఇచ్చాడు, మీరు కట్టాల్సింది సున్నా. మరి మీరెప్పుడు కట్టాలి? నాకు ఫలానా ఏరియాలో రెండు గదుల ఇల్లు వెతికిపెట్టండి అని మీరే రాతపూర్వకంగా, కనీసం ఈమెయిల్‌లో అయినా, పని అప్పజెప్పాలి, అతను కేవలం మీ కోసమే బయటికెళ్లి కొత్తగా ఇల్లు పట్టుకురావాలి, ఆ ఇంటికే మీరు కాంట్రాక్ట్ సంతకం పెట్టాలి. ఈ మూడూ కుదిరితేనే. నోటిమాట చెల్లదు. అతను ఫీజు ముందుగా కూడా తీసుకోకూడదు. మాక్లరే ఆ ఇంటికి ఓనరో మేనేజరో అయితే అసలు ఫీజే లేదు.

అన్నీ కుదిరినా దానికో హద్దుంది. కాల్ట్‌మీటె 700 యూరోలు, మిగతా ఖర్చులు 180, వార్మ్‌మీటె 880 అనుకుందాం. ఫీజు 880 మీద కాదు, 700 మీదే. రెండు నెలలంటే 1,400, పన్ను 266, మొత్తం 1,666, అంతకంటే ఒక్క యూరో ఎక్కువ అడిగినా తప్పే. దీన్ని డిపాజిట్‌తో కలిపేసుకోకండి, కౌట్సియోన్ వేరు, అది ఓనర్‌కి వెళ్తుంది, మళ్లీ తిరిగొస్తుంది, మూడు కాల్ట్‌మీటెలు దాటకూడదు, అంటే 2,100, దాన్ని నెలకి 700 చొప్పున మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఇండియా నుంచి అప్పుడే దిగి జేబులో లెక్కపెట్టుకునేవాళ్లకి ఈ వాయిదాల సంగతి బంగారం, ఓనర్లు మాత్రం వాళ్లంతట వాళ్లు చెప్పరు.

రూల్ వచ్చాక ప్రొవిజియోన్ అనే మాట తగ్గింది కానీ పేర్లు మారాయి. ఇల్లు చూపించినందుకు ఫీజు, కాగితాలు రాసినందుకు ఫీజు, ఇంటిని మీ పేరున పట్టి ఉంచినందుకు ఫీజు, ఇవేవీ మాక్లర్ మీ దగ్గర వసూలు చేయకూడదు. నేను వచ్చిన కొత్తలో ఒకతను చూపించడానికే 50 యూరోలు అడిగాడు, ఇచ్చాను కూడా, గదిలో ఇంకో ఇరవై మంది ఉన్నారు, లెక్కేసుకోండి అతని మధ్యాహ్నం సంపాదన! ఇల్లు నాకు రాలేదు లెండి.

వంటగది సంగతి కొంచెం తేడా. ఇక్కడ చాలా ఇళ్లలో కిచెన్ ఉండదు, గోడకి పైపు మాత్రమే ఉంటుంది, అంతకుముందు అద్దెకున్నాయన తను కొన్న స్టవ్వూ అల్మరాలూ మీకు అమ్ముతానంటాడు, దాన్ని అబ్‌లోజె అంటారు. ఇది చట్టబద్ధమే, కానీ వస్తువు విలువకి పొంతన లేనంత ధర అడిగితే చెల్లదు.

పొరపాటున కట్టేశారా? తిరిగి అడగొచ్చు, కట్టిన సంవత్సరం చివరి నుంచి మూడేళ్లు టైముంది. రసీదు, మెసేజ్‌లు, యాడ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి, యాడ్ తీసేస్తారు కాబట్టి స్క్రీన్‌షాట్ ముందే తీయాలి. మీ ఊళ్లో మీటర్‌ఫెరైన్ అని అద్దెదారుల సంఘం ఉంటుంది, సభ్యత్వం తీసుకుంటే లెటర్ వాళ్లే రాస్తారు.

హోంవర్క్: కాల్ట్‌మీటె 540, వార్మ్‌మీటె 690. యాడ్ చూసి మీరే ఫోన్ చేశారు, మాక్లర్ 690 అడిగాడు, "రేపే కట్టాలి, లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తా" అన్నాడు. ఎంత కట్టాలి, కౌట్సియోన్ గరిష్ఠంగా ఎంత, మొదటి వాయిదా ఎంత? కాగితం మీద వేసి పెట్టుకోండి, 5వ పాఠం షూఫా రిపోర్ట్‌తో (మీరు అప్పులూ బిల్లులూ సరిగ్గా కడతారా అని చూపించే కాగితం) మొదలుపెట్టే ముందు జవాబులు చూద్దాం.