బీపీ పడిందని ఇంకో బాటిల్ వేలాడదీసే ముందు

సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపుతప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) బీపీ పడిపోయిందంటే రక్తనాళాలు సడలి ఉండొచ్చు, వాటి గోడల్లోంచి ద్రవం బయటికి కారుతుండొచ్చు, గుండె నీరసించి ఉండొచ్చు. సెలైన్ తీర్చేది వీటిలో ద్రవం లోటు ఒక్కటే. కింద చెప్పేది ఐసియూలో ఉన్న పెద్దవాళ్ల సంగతి. పిల్లల లెక్కలు వేరు.

సమస్య: రోగి వచ్చేసరికే మ్యాప్ (సగటు బీపీ) 65 కన్నా తక్కువ, లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగేది) 4 పైన.

కారణం: జ్వరం, వాంతులు, తిండి లేకపోవడం. లోటు నిజంగానే ఉంది.

పరిష్కారం: మొదటి 3 గంటల్లో కిలోకు 30 మి.లీ., అంటే 60 కిలోల మనిషికి 1,800 మి.లీ. పూర్తిగా తెరిచి వదిలేయకుండా 250 నుంచి 500 మి.లీ. చొప్పున ఇచ్చి, ప్రతి విడత తర్వాత బీపీ, ఊపిరితిత్తులు చూడాలి. నార్మల్ సెలైన్ కన్నా ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) మేలు. అందులో పొటాషియం ఉందని జంకుతారు గానీ, లీటరుకు ఉండేది 4 మిల్లీఈక్వివలెంట్లే, దాదాపు మామూలు రక్తంలో ఉన్నంత. స్టార్చ్ ద్రావణాలు వద్దు.

సమస్య: అదంతా ఎక్కింది, బీపీ లేవట్లేదు.

కారణం: సాధారణంగా నాళాల బిగువు పోవడం. అలాంటప్పుడు ఇంకో లీటరు పోస్తే చేరేది ఊపిరితిత్తుల్లోకే. సెలైన్ పెడితే ఓపిక వస్తుందని బంధువులు అడుగుతారు. రాత్రి డ్యూటీలో మనమూ అదే నమ్మకంతో బాటిల్ మారుస్తుంటాం.

పరిష్కారం: ముందు కాళ్లెత్తే పరీక్ష. తలవైపు 45 డిగ్రీలు లేపి ఉంచిన మంచాన్నే తిప్పి, తల దించి కాళ్లు 45 డిగ్రీలు ఎత్తాలి. చేతులతో ఎత్తితే నొప్పికి గుండె పరుగెత్తి ఫలితం తప్పుతుంది. నిమిషంలోపు ఎకోలో స్ట్రోక్ వాల్యూమ్ (గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం) 10 శాతమైనా పెరిగితేనే ద్రవం పనిచేసే అవకాశం ఉంది. బీపీ అంకె ఒక్కటే చూసి తేల్చకండి. పొట్ట బిగుసుకుని ఉంటే ఈ పరీక్షనే నమ్మలేం.

పెరగకపోతే నార్‌ఎడ్రినలిన్ (నాళాల్ని బిగించి బీపీ పెంచే మందు). 4 మి.గ్రా. మందు మొత్తం 50 మి.లీ. అయ్యేలా కలిపితే, 60 కిలోల మనిషికి గంటకు 4.5 మి.లీ. అంటే నిమిషానికి కిలోకు 0.1 మైక్రోగ్రాము. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం) పడేదాకా ఆగనక్కర్లేదు. మోచేతి దగ్గరో పైనో మంచి నరంలో మొదలుపెట్టి, చోటు తెల్లబడుతోందేమో, ఉబ్బుతోందేమో చూస్తుండాలి. డోసు 0.25 దాటితే వాసోప్రెసిన్ (నాళాల్ని బిగించే ఇంకో మందు) కలపాలి, హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) గురించి ఆలోచించాలి. చీము ఎక్కడైనా మిగిలి ఉందేమో మళ్లీ వెతకాలి.

సమస్య: లాక్టేట్ దిగట్లేదు, కానీ చేతులు వెచ్చగానే ఉన్నాయి.

కారణం: అడ్రినలిన్ ఇన్ఫ్యూజన్, కాలేయ జబ్బు కూడా లాక్టేట్‌ను పెంచుతాయి.

పరిష్కారం: వేలికొనను 10 సెకన్లు నొక్కి వదలండి. 3 సెకన్లలో రంగు తిరిగొస్తే, లాక్టేట్ కోసమే బోలస్ (ఒక విడతగా వేగంగా పోసే ద్రవం) వద్దు.

సమస్య: యూరిన్ తగ్గింది. ముందు ఫోలీ (యూరిన్ గొట్టం) మూసుకుపోయిందేమో చూడండి. యూరిన్ ఒక్కటే తగ్గడం బోలస్‌కు చాలిన కారణం కాదు.

సమస్య: మూడో రోజు. బోలస్‌లు ఎప్పుడో ఆపేశారు, అయినా ఒళ్లంతా వాపు, ఆక్సిజన్ పెంచాల్సి వస్తోంది.

కారణం: చార్టులో ఎవరూ లెక్కించని ద్రవం. మెయింటెనెన్స్ (రోజంతా నడిచే మామూలు డ్రిప్) గంటకు 75 చొప్పున 1,800, పారాసెటమాల్ బాటిళ్లు నాలుగు 400, యాంటీబయాటిక్ మూడుసార్లు 300: మొత్తం రోజుకు 2,500 మి.లీ. ఆ 1,800 నార్మల్ సెలైనే అయితే దాంతో పాటు 16 గ్రాముల ఉప్పు.

పరిష్కారం: ట్యూబ్ ఫీడ్ సరిగా నడుస్తుంటే మెయింటెనెన్స్ తీసేయండి. మందుల్ని అనుమతించిన మేరకు తక్కువ ద్రవంలో కలపండి, ట్యూబ్‌లో ఇవ్వగలిగినవి ట్యూబ్‌లోనే ఇవ్వండి. నార్‌ఎడ్ డోసు తగ్గుతూ వస్తుంటే ఫ్యూరోసెమైడ్ (యూరిన్ పెంచే మందు) 20 నుంచి 40 మి.గ్రా. నరంలోకి ఇచ్చి, పొటాషియం, మెగ్నీషియం చూసుకోవాలి. కిడ్నీ దెబ్బతిని, ద్రవం లోటు లేని రోగికి ఫ్యూరోసెమైడ్ కిలోకు 1 మి.గ్రా. ఇచ్చాక 2 గంటల్లో యూరిన్ 200 మి.లీ. కూడా రాకపోతే డోసులు పెంచుకుంటూ కూర్చోకుండా నెఫ్రాలజిస్టును పిలవండి.