‘తర్వాత తీసేద్దాంలే’ అనుకుంటే అంతే: ఇంటర్న్‌షిప్ సీజన్‌కి ముందు జాగ్రత్తలు

పోయిన వారం రాత్రి పదకొండు దాటాక ఒక జూనియర్ ఫోన్ చేశాడు. మూడో సంవత్సరం కుర్రాడు, చురుకైనవాడే. ‘అన్నా, క్లౌడ్ బిల్లు వచ్చింది. నేనేం వాడలేదు’ అన్నాడు. గొంతు వణుకుతోంది. రిఫరల్ ఇస్తానన్న ఒకాయన ‘నీ ప్రాజెక్ట్ లింక్ పంపు, పొద్దున్నే మా టీమ్‌కి చూపిస్తా’ అన్నాడట. ఆ హడావిడిలో ఇతను గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే సైట్‌లో ప్రైవేట్‌గా ఉన్న రిపోని, అంటే ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని, పబ్లిక్ చేసేశాడు. అందులో క్లౌడ్ (అద్దె సర్వర్ల) ఖాతాకి పాస్‌వర్డ్‌లా పనిచేసే కీ ఉన్న ఫైల్ ఉందని పది నిమిషాలకి గుర్తొచ్చింది. వెంటనే తీసేశాడు కూడా.

‘కీ రద్దు చేశావా?’ అని అడిగాను.

‘ఫైల్ తీసేశాను కదన్నా!’

మళ్లీ అడిగాను. మళ్లీ అదే జవాబు.

స్క్రీన్ షేర్ చేయమన్నాను. రిపోలో ఫైల్ లేదు, నిజమే. కమిట్స్ మీద, అంటే చేసిన మార్పుల చిట్టా మీద నొక్కమన్నాను. పైనుంచి రెండోది ‘కీ ఫైల్ తీసేశాను’ అని తనే పేరు పెట్టుకున్న కమిట్. దాన్ని తెరిస్తే ఎర్రటి పట్టీలో, మైనస్ గుర్తు పక్కన, కీ మొత్తం ఒక్క అక్షరం పోకుండా కనబడుతోంది. వెతికేవాడికి శ్రమ లేకుండా తనే బోర్డు కట్టినట్టయింది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఖాతాలో చూస్తే, ఎప్పుడూ పేరు కూడా వినని రీజియన్లలో పెద్ద పెద్ద సర్వర్లు నడుస్తున్నాయి. బిల్లు సంగతి కంపెనీ వాళ్లతో ఇంకా తేలలేదు.

పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి లాంటివి మీకు తెలిసినవే. వాటి జోలికి పోను. ఏటా ఈ సీజన్‌లో చాలామంది విద్యార్థుల రెజ్యూమెలు, ప్రాజెక్టులు చూస్తుంటాను. మునిగినవాళ్లందరిలో నాకు కనబడిన తప్పు ఒక్కటే. ‘ఇప్పటికి పెట్టేద్దాం, తర్వాత తీసేద్దాంలే.’ పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పుష్ చేసిన, అంటే ఆన్‌లైన్ రిపోలోకి ఎక్కించిన కీ అంతకన్నా ముందే దాటుతుంది. పబ్లిక్ రిపోల్లో కీలు ఏరుకోవడానికే రాత్రీ పగలూ తిరిగే బాట్‌లు, అంటే వాటంతట అవే నడిచే ప్రోగ్రాములు ఉన్నాయి, వాటికి పది నిమిషాలు చాలా ఎక్కువ సమయం.

కోడ్ చూపించే ముందు

కోడ్‌లో ప్రతి మార్పునీ దాచిపెట్టే పనిముట్టు గిట్. అది ఉన్నదే పాతది మర్చిపోకుండా ఉండటానికి. ఫైల్ తీసేస్తే తాజా కాపీలోంచి పోతుంది, చరిత్రలోంచి పోదు. చరిత్రని తిరగరాసే పనిముట్లు ఉన్నాయి, గిట్ ఫిల్టర్ రిపో అలాంటిదే. కానీ అప్పటికే ఎవరైనా క్లోన్ చేసుకుని ఉంటే, ఫోర్క్ చేసి ఉంటే, ఆ కాపీ మీ చేతిలో లేదు. అందుకే కీ బయటపడితే మొదటి పని ఫైల్ తీయడం కాదు, కీ రద్దు చేయడం. తాళంచెవి పోయినవాడు ముందు తాళం మారుస్తాడు. రద్దు చేశాక కొత్తది పుట్టించుకోండి, ఖాతాలో మీరు పెట్టనివి ఏవైనా నడుస్తున్నాయేమో చూడండి, ఆ తర్వాత తీరిగ్గా చరిత్ర శుభ్రం చేసుకోండి. ఈ వరస తలకిందులు చేసినవాళ్లే నాకు అర్ధరాత్రి ఫోన్ చేస్తుంటారు.

‘గిట్‌హబ్ వాళ్లే ఆపేస్తారు కదా’ అంటారు కొందరు. పబ్లిక్ రిపోల్లోకి పుష్ చేస్తుంటే కీలని పట్టుకునే ఏర్పాటు 2024 నుంచి అందరికీ డిఫాల్ట్‌గా ఉంది, మంచిదే. అది తనకి ఆనవాలు తెలిసిన కీలనే పడుతుంది. మీరు డేటాబేస్‌కి పెట్టుకున్న పాస్‌వర్డ్ దానికి మామూలు మాటలాగే కనిపించొచ్చు.

‘నాది ప్రైవేట్ రిపో’ అనేది ఇంకో ధీమా. 2016లో ఉబర్ నుంచి 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు పోయింది ఎలాగంటే, వాళ్ల ఇంజనీర్లు వాడే ప్రైవేట్ రిపోలోకి దొంగలు చొరబడి, కోడ్‌లో ఉన్న క్లౌడ్ కీ పట్టుకుని. అంత పెద్ద కంపెనీకే ప్రైవేట్ అన్న మాట అడ్డం నిలబడలేదు. పైగా మీ ప్రైవేట్ రిపో ఎంతకాలం ప్రైవేట్‌గా ఉంటుంది? ఎవరో రిఫరల్ ఇస్తాననేదాకా. ఆ ఒక్క బటన్ నొక్కితే మొదటి రోజు నుంచి రాసినదంతా బయటికొస్తుంది, రెండేళ్ల కిందట తీసేసినదానితో సహా. పాత ప్రాజెక్ట్‌ని పబ్లిక్ చేయాలంటే నా పద్ధతి మొరటుగా ఉంటుంది: ఖాళీ రిపో కొత్తగా తెరిచి, తాజా ఫైళ్లు మాత్రం అందులో పెట్టడం. కమిట్ల సంఖ్య తక్కువ కనిపిస్తుందని బాధపడేవాళ్లున్నారు. కమిట్లు లెక్కపెట్టి ఉద్యోగం ఇచ్చినవాణ్ణి నేనైతే చూడలేదు.

కమిట్‌తో పాటు మీ ఈమెయిల్ కూడా వెళ్తుంది, ఇది చాలామందికి తెలీదు. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ఈమెయిల్ దాచే ఆప్షన్ ఉంది, అది పెట్టుకుని, మీ అసలు ఈమెయిల్ బదులు వాళ్లిచ్చే నోరిప్లై అడ్రస్‌ని మీ కంప్యూటర్‌లోని గిట్‌లో కూడా పెట్టండి. రెండోది మరిచిపోతే మొదటిది చేసీ లాభం లేదు. పాత కమిట్ల మీద పాత అడ్రసే ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

మనుషుల్ని కలిసేటప్పుడు

పరిచయాలు పెంచుకోవద్దని నేను చెప్పను. దగ్గరి స్నేహితుల కన్నా అంతంతమాత్రం పరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఉద్యోగపు కబుర్లు ఎక్కువ తెలుస్తాయని సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే రాశాడు. లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మంది మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 2022లో వచ్చాయి, అవీ దాదాపు ఆ మాటే చెప్పాయి. అంటే మీకు దారి చూపించేది ఎక్కువగా మీకు సరిగ్గా తెలియనివాళ్లే. చిక్కు కూడా అక్కడే ఉంది. వాళ్ల గురించి మీకు తెలిసింది ఒక ఫోటో, నాలుగు లైన్లు. మీ గురించి వాళ్లకి మీరు పంపేది మొత్తం జాతకం.

2022లో రోనిన్ అనే క్రిప్టో నెట్‌వర్క్ నుంచి 60 కోట్ల డాలర్లకి పైగా పోయింది. దాన్ని నడిపే కంపెనీలో ఒక ఇంజనీర్‌కి లింక్డ్‌ఇన్‌లో మంచి ఉద్యోగం చూపించి, ఇంటర్వ్యూలు కూడా చేసి, ఆఫర్ లెటర్ పేరుతో పంపిన పీడీఎఫ్‌తో లోపలికి దూరారని తర్వాత వార్తా కథనం వచ్చింది. ఉద్యోగం ఇస్తామన్న ఆ కంపెనీయే లేదు. అక్కడ బోల్తా పడింది అనుభవం ఉన్న ఇంజనీర్. మీకు వచ్చే వల వేరే రకం. ‘చిన్న కోడింగ్ టెస్ట్, ఈ రిపో దించుకుని నడిపి బగ్ కనిపెట్టండి’ అంటారు. ఇలా నకిలీ రిక్రూటర్ల వేషంలో డెవలపర్ల కంప్యూటర్లకి విషం (మాల్వేర్) ఎక్కిస్తున్న ముఠాల గురించి 2023 నుంచి భద్రతా పరిశోధకులు చెబుతూనే ఉన్నారు. ప్రాజెక్ట్‌కి కావాల్సిన ప్యాకేజీలు దించే కమాండ్, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అని కొట్టిన క్షణంలోనే ప్యాకేజీలోని స్క్రిప్టులు నడిచిపోవచ్చు, మీరు కోడ్ తెరిచి చూడనక్కర్లేదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, క్రిప్టో వాలెట్లు, కీలు అటు వెళ్లిపోతాయి. తర్వాత ఫోల్డర్ డిలీట్ చేస్తే ఏమొస్తుంది? ఇక్కడా అదే తప్పు, పేరే మారింది.

తెలియనివాళ్ల కోడ్‌ని మీ లాప్‌టాప్‌లో నడపకండి. వర్చువల్ మెషిన్‌లోనో (మీ కంప్యూటర్ లోపలే విడిగా నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది), పని అయ్యాక పారేసే క్లౌడ్ వర్క్‌స్పేస్‌లోనో నడపండి. ఫోల్డర్ తెరవగానే కోడ్ రాసుకునే యాప్ వీఎస్ కోడ్ ‘ఇది రాసినవాళ్లని నమ్ముతారా’ అని అడుగుతుంది చూడండి, అందరూ చదవకుండా ‘అవును’ నొక్కే ఆ పెట్టె. అక్కడ ‘లేదు’ నొక్కండి. అలా కాదు, మీ సొంత మెషిన్ మీదే, ఇప్పుడే, కాల్‌లో ఉండగానే నడపాలి అని తొందరపెట్టారంటే కాల్ కట్ చేయండి. మొహమాటపడకండి.

రిక్రూటర్ నిజమో కాదో తెలుసుకోవడానికి అతను పంపిన లింక్ పనికిరాదు. కంపెనీ సైట్‌కి మీ అంతట మీరే వెళ్లి ఆ ఉద్యోగం ఉందేమో చూడండి. ఈమెయిల్‌లో అట్ గుర్తు తర్వాత ఉన్నది అక్షరం అక్షరం చదవండి.

మీది కాని డేటా

ఇక్కడ మీతో పాటు ఇంకొకరూ మునుగుతారు. ఇంటర్న్‌షిప్ కోసం బ్యాచ్ మొత్తం వివరాలు ఒక షీట్‌లో నింపడం మీరు చూసే ఉంటారు: పేరు, ఫోన్, పుట్టిన తేదీ, మార్కులు, గుర్తింపు కార్డు నంబర్. లింక్ ఉన్న ఎవరైనా ఎడిట్ చేయొచ్చు. ఎవరో కంగారుపడి ‘ఫోన్ నంబర్ల కాలమ్ తీసేశాం’ అని మెసేజ్ పెడతారు. వెర్షన్ హిస్టరీ తెరిస్తే కాలమ్ అక్కడే ఉంటుంది, ఎడిట్ చేసే హక్కు ఉన్న ఎవరికైనా కనిపిస్తుంది. తీయాలంటే కొత్త షీట్ చేసుకుని, పాతదాని షేరింగ్ మూసేయాలి. అసలు ముందే ఒక ఫామ్ పెట్టి జవాబులు ఒక్కరికే కనిపించేలా చేస్తే ఈ గోలే ఉండదు.

ప్రాజెక్ట్ కోసం తోటివాళ్ల దగ్గర సర్వే చేసి, ఆ డేటాని గిట్‌హబ్‌లో పెట్టి, ‘పేర్లు తీసేశాం’ అని ప్రాజెక్ట్ వివరాలు రాసే రీడ్‌మీ ఫైల్‌లో రాస్తారు. జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది), పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది, ఈ మూడూ కలిపితే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త లటాన్యా స్వీనీ 2000లో లెక్కగట్టింది. మీ క్లాసులో అరవై మందే. హాస్టల్ బ్లాక్, బ్రాంచ్ చాలు. అసలు డేటా మీ దగ్గరే ఉంచుకుని, కల్పిత డేటాతో నమూనా ఫైల్ పెట్టండి. ఇంటర్వ్యూలో ‘అసలు డేటా ఎందుకు పెట్టలేదు’ అని అడిగితే అంతకన్నా మంచి ప్రశ్న ఉండదు, జవాబు మీ దగ్గర ఉంది కదా.

ఇక మిగిలినవి తోచిన వరసలో చెప్పేస్తాను.

- రెజ్యూమెలో పుట్టిన తేదీ, ఇంటి అడ్రస్, తండ్రి పేరు తీసేయండి. ఈమెయిల్, ఊరు చాలు.
- ఉద్యోగాలకి విడిగా ఒక ఈమెయిల్. బ్యాంక్ ఖాతాకి వాడేది ఎక్కడా ఇవ్వకండి.
- గుర్తింపు కార్డు కాపీ ఆఫర్ చేతికొచ్చాకే. అప్లికేషన్‌తో పాటు అడిగితే ఎందుకని అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి.
- పీడీఎఫ్‌లో నంబర్ మీద నల్ల డబ్బా పెట్టి దాచామనుకోకండి. కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి. అసలు ఫైల్‌లోనే చెరిపి, కొత్తగా పీడీఎఫ్ చేయండి.
- ఆఫర్ లెటర్ ఫోటో పోస్ట్ చేయకండి. ఉద్యోగి ఐడీ కార్డ్ ఫోటో అసలు చేయకండి. వార్త రాయండి, చాలు.
- లింక్డ్‌ఇన్ ‘కాంటాక్ట్స్ సింక్’ అడిగితే వద్దనండి. ఆ నంబర్లు మీవి కావు.
- ‘పదిమంది స్నేహితుల నంబర్లు ఇస్తే ఉచిత కోర్సు’. ఇవ్వకండి. వాళ్లు అడగలేదు.
- గిట్‌హబ్‌లో చిన్న కోడ్ ముక్కలు పెట్టే గిస్ట్‌ని ‘సీక్రెట్’ చేస్తే ప్రైవేట్ అయినట్టు కాదు. లింక్ దొరికితే ఎవరైనా చదవొచ్చు.
- సీనియర్ మీతో విడిగా చెప్పిన మాటని స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టకండి. డిలీట్ చేసేలోపే అది ఇంకో గ్రూప్‌లో ఉంటుంది. ఆయన మళ్లీ మీ మెసేజ్ తెరవడు.
- ఇంటర్వ్యూ ప్రశ్నలు బయట చెప్పనని సంతకం పెట్టారా? అయితే చెప్పకండి.
- ఇంటర్వ్యూకి డబ్బు కట్టమన్నారా? అది ఇంటర్వ్యూ కాదు.
- ఒకే పాస్‌వర్డ్ జాబ్ పోర్టల్స్ అన్నింటికీ వాడకండి. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి పోయినవి 65 లక్షల పాస్‌వర్డ్‌లే అనుకున్నారు. 2016లో 11.7 కోట్ల ఖాతాల ఈమెయిళ్లు, పాస్‌వర్డ్‌లు అమ్మకానికి వచ్చాయి. నాలుగేళ్లు ఎక్కడో పడి ఉన్నాయి.
- లాప్‌టాప్ ఫోటో పెట్టేముందు స్క్రీన్ మీద ఏముందో చూసుకోండి. నోట్స్ యాప్ తెరిచి ఉంటుంది, ప్రతిసారీ.
- కీ కోడ్‌లో రాయకండి. టెస్టింగ్‌కే అని కూడా రాయకండి. ‘పుష్ చేసేముందు తీసేస్తా’ అని అస్సలు రాయకండి.
- కీలు విడిగా రాసుకునే డాట్ ఈఎన్‌వీ ఫైల్‌ని గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ ముట్టుకోకూడని ఫైళ్ల జాబితాలో) పెట్టేది మొదటి కమిట్‌కి ముందు. తర్వాత పెడితే ముందు ఎక్కినది ఎక్కినట్టే ఉంటుంది.
- క్లౌడ్ ఖాతా తెరిచిన రోజే బిల్లు అలర్ట్ పెట్టండి. అది ఖర్చుని ఆపదు, మీకు చెబుతుంది అంతే. ఆ చెప్పడమైనా ఉండాలి.
- ఇవాళే మీ పాత రిపోల కమిట్స్ తెరవండి. ‘పాస్‌వర్డ్ తీసేశాను’, ‘కీ తొలగించాను’ అని రాసినవి ఉన్నాయేమో వెతకండి. దొరికితే రిపో సంగతి తర్వాత, ముందు ఆ కీ ఇంకా పనిచేస్తోందేమో చూసి రద్దు చేయండి.